పుట్టినరోజు నాడు పనుల మీద తిరిగితే వెలితేమీ ఉండదు

"పార్టీ, కేకు ఏమీ లేకుండా బయట టిఫిన్ తిని, పనులు చూసుకుంటూ పుట్టినరోజు గడిపేస్తే వెలితిగా ఉండదా?" అని అడిగారు. ఉండదు. నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే. ఘనంగా పార్టీ చేసుకున్న పుట్టినరోజు ఒక్కటి కూడా నాకు వివరంగా గుర్తులేదు. మీకూ గుర్తుండదు, కావాలంటే ఆలోచించి చూడండి.

మాది విజయవాడ. నా పుట్టినరోజు నవంబరులో వస్తుంది. రైల్వే పెన్షనరు ఉన్న ఇంట్లో నవంబరంటే లైఫ్ సర్టిఫికెట్ నెల. పెన్షనరు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు అది. కిందటేడు మావారు డ్యూటీ మీద ఊరెళ్లారు, బాబు హాస్టల్లో ఉన్నాడు. పొద్దున్నే నాన్నగారిని స్కూటీ ఎక్కించుకుని గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి వెళ్లాను. 1942 నుంచి ఉన్న హోటల్ అది. వేడి ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. ఆ వెన్న కరిగి ఇడ్లీలోకి దిగేదాకా నాన్నగారు చెయ్యి పెట్టరు. "ఇంకో ప్లేటు చెప్పుకో అమ్మాయ్, ఇవాళ నీ రోజు" అన్నారు. నాకు అందిన శుభాకాంక్షలు అవే.

అక్కడి నుంచి బ్యాంకుకి. టోకెన్ పట్టుకుని గంటన్నర కూర్చున్నాక, తీరా మా వంతు వస్తే వేలిముద్ర పడదు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ కుడి బొటనవేలు. కౌంటర్లో కుర్రాడు "చేతులు బాగా తుడుచుకోండి తాతగారూ" అన్నాడు. పంచె చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టారు. లోకోషెడ్లో ముప్పై నాలుగేళ్లు స్పానర్ పట్టిన వేళ్లవి. గీతలు అరిగిపోయి నున్నగా ఉంటాయి, తుడిస్తే వస్తాయా? రేపు రమ్మన్నారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్లో ఇచ్చే డిజిటల్ జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది. ఫోన్లో ముఖం చూపించి పని పూర్తిచేసుకునే వీలు 2021 నుంచి ఉంది. ఎనభై దాటినవాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈ ముక్క చెప్పకుండా పెద్దవాళ్లని తిప్పి పంపడం ఏం న్యాయం?

బ్యాంకు మెట్ల మీదే నా ఫోన్లో మొదలుపెట్టాను. అదేమో కళ్లు ఆర్పమంటుంది. నాన్నగారేమో స్టూడియోలో ఫొటోకి కూర్చున్నట్టు రెప్ప వెయ్యరు. "ఆర్పండి నాన్నగారూ" అంటే గట్టిగా మూసేసుకున్నారు. మూడోసారికి అయింది. ప్రమాణ్ నంబరుతో మెసేజ్ కూడా వచ్చేసింది.

మధ్యాహ్నం గవర్నరుపేటలో ఒక మెస్సులో భోజనం. తిన్నాక నాన్నగారు కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయారు. "నువ్వు పుట్టిన రోజు కూడా ఇలాగే అన్నారమ్మాయ్" అన్నారు. ఆ రోజు ఆయనకి నైట్ డ్యూటీ. కబురు అందగానే గ్రీజు చేతులతోనే ఆసుపత్రికి పరిగెత్తారట. ఎత్తుకోబోతే నర్సు కసిరి పంపింది. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి ఎత్తుకుంటే, ఆ వాసనకి నేను తుమ్మానట. నలభై ఏడేళ్లలో ఈ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇంట్లో పార్టీ పెట్టుంటే ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుని, కేకు ముక్క పట్టుకుని, "బాగుందమ్మా" అని ఊరుకునేవారు. ఈ రోజుల్లో కేకు తినేది తక్కువ, మొహానికి పూసేది ఎక్కువ. ఆ నురగ స్ప్రే ఒకటి! కళ్లలో పడితే ఎవరు జవాబుదారీ? అర్ధరాత్రి పన్నెండింటికి తలుపు కొట్టి లేపడం నాకు అసలు నచ్చదు. పొద్దున లేచి ఆఫీసుకి పోవాల్సినవాళ్లు పక్కింట్లో ఉంటారన్న ఆలోచన ఎవరికీ ఉండదు.

మీరు ఒక్కరే తిరుగుతున్నారేమో, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లండి. సోఫాలో ఎదురెదురుగా కూర్చుంటే ఏమీ చెప్పరు. క్యూలో నిలబడ్డప్పుడు, స్కూటీ వెనక కూర్చున్నప్పుడు వాళ్లకి మాటలు వస్తాయి. సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు మీద వెళ్తుంటే, ఒకప్పుడు అక్కడ రైలు పట్టాలు ఎలా ఉండేవో దారి పొడుగునా చెప్తూనే ఉన్నారు.

బీసెంట్ రోడ్డులో కళ్లజోడుకి స్క్రూ వేయించి, మిక్సీ జారు బాగు చేయించుకుని, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన అమ్మకి ఇడ్లీ పార్సిల్ కట్టించుకుని వచ్చాం. తుమ్ము సంగతి నిజమేనా అని అమ్మని అడిగాను. జారు బ్లేడు వేలితో తిప్పి చూసుకుంటూ, "ఒకసారి కాదు, మూడుసార్లు. అయినా ఆయన నిన్ను కింద పెట్టలేదు" అంది.