అమ్మలూ, ముందు ఇసబెల్ పెళ్ళి డేట్ మార్చు

అమ్మలూ,

నువ్వు పంపిన నీ నవల చాప్టర్లన్నీ చదివా. భాష బావుంది, ఇసబెల్ బావుంది, ఆ పిల్ల నోటి దురుసు మరీ బావుంది, అది ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసులే. కానీ 1340 మార్చి నెలలో ఇంగ్లండ్ పల్లెటూళ్ళో పెళ్ళి పెట్టి ఊరందరికీ కోడికూర, ఆలుగడ్డ వేపుడు వడ్డించేశావ్ చూడు, అక్కడ ఆగిపోయా. డిగ్రీ పిల్లలకి యూరప్ హిస్టరీ చెప్పి చెప్పి రిటైరైన మేనమామకి పంపావు కాబట్టి ఈ మాత్రం సతాయింపు తప్పదు.

ఆలుగడ్డ సంగతి తేలిక, తీసెయ్. 1492లో కొలంబస్ అటు వెళ్ళొచ్చాక గానీ ఆలుగడ్డ, టమాటా, మొక్కజొన్న, మిర్చి ఇవేవీ సముద్రం ఇవతలికి రాలేదు, మిర్చి అయితే అప్పటికి మన గుంటూరుకీ లేదు. మిరియాలు ఉండేవి, మలబారు తీరం నుంచి అలెగ్జాండ్రియా, వెనిస్ మీదుగా చేరేవి, కానీ ఇసబెల్ లాంటి వాళ్ళింట్లో రోజూ వాడే సరుకు కాదు అది.

అసలు తంటా తారీఖుతో. ఆ కాలం గురించి ఎవరు రాసినా కోటలూ కత్తులూ గుర్రాలూ ముందు పట్టుకుంటారు, నువ్వు మాత్రం ప్రతి సీన్‌కీ ముందు ఒక్కటే అడుగు, ఆ రోజు చర్చి క్యాలెండర్లో ఏ రోజు అని. తిండి, పని, పెళ్ళి, అద్దె, అప్పు అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. 1340లో ఈస్టర్ ఏప్రిల్ 16న వచ్చింది. దానికి ముందు లెంట్, మన కేథలిక్‌లు తపస్సు కాలం అంటారే ఆ ఉపవాసాల రోజులు, మార్చి 1న మొదలైంది. అంటే నీ మార్చి నెల మొత్తం లెంట్లో కొట్టుకుపోయింది. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు, వెన్న, జున్ను కూడా లేవు. మనకి మూఢంలో ముహూర్తాలు ఉండవు చూడు, అలాగే లెంట్ రోజుల్లో చర్చి గుమ్మం దగ్గర పెళ్ళిళ్ళు ఉండవు, ఈస్టర్ అయ్యి ఇంకో వారం గడవాల్సిందే. కాబట్టి ఇసబెల్ పెళ్ళి ఏప్రిల్ ఆఖరి వారానికి జరుపు. ఇంకో మెలిక ఉంది, అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం లెక్క మార్చి 25 నుంచి, నీ కథలో ఫాదర్‌గారు మార్చి 10న ఏదైనా కాగితం రాస్తే దాని మీద 1339 అనే వేస్తాడు, ఊరి లెక్కలు రాసే గుమాస్తా అయితే అసలు ఆ గొడవే లేకుండా మూడో ఎడ్వర్డ్ రాజ్యానికొచ్చిన 14వ ఏడు అని రాస్తాడు.

మరి మార్చిలో ఏం తింటారు అంటావేమో. ఎండు బఠానీ, చిక్కుడు గింజలు, ఉల్లి కాడలు, క్యాబేజీ అన్నీ ఒకే కుండలో వేసి ఉడికించిన గంజిలాంటి పులుసు, బార్లీయో రై అనే ధాన్యం కలిపిన పిండో దాంతో రొట్టె, ఉప్పు చేప. చలికాలం దాటేసరికి ఇంట్లో సరుకు ఎలాగూ అడుగంటి ఉంటుంది కాబట్టి ఉపవాసం పేదోడికి కొత్తగా పోయేది పెద్దగా ఏం లేదు, డబ్బున్నోళ్ళు మాత్రం ఆవుపాల బదులు బాదం పాలు పిండించుకునేవాళ్ళు. కానీ కోడి లెంట్ అని గుడ్లు పెట్టడం మానదుగా! అవి పోగవుతూనే ఉంటాయి. ఈస్టర్‌కి ఆ గుడ్లలో కొన్ని దొరగారింటికి కట్టాలి, క్రిస్మస్‌కి కోళ్ళు కట్టాలి, అది చాలా ఊళ్ళలో బాకీ కింద లెక్క. ఇసబెల్ గుడ్లు లెక్కపెట్టుకుంటూ వాళ్ళమ్మతో పోట్లాడే సీన్ రాయి, నీ కోటలో విందు సీన్ కన్నా పది రెట్లు నిలబడుతుంది.

పెళ్ళి డబ్బు గోల కూడా మర్చిపోయావ్. ఇసబెల్ వాళ్ళ నాన్న దొర భూమికి కట్టుబడి ఉన్న రైతు అని నువ్వే రాశావు, అలాంటోడు కూతురి పెళ్ళికి దొరకి రుసుం కట్టాలి. ఆయన చచ్చిపోతే ఇంట్లో ఉన్న మంచి పశువుని తోలుకుపోతారు, పండిన దాంట్లో పదో వంతు చర్చికి, పిండి ఆడించాలంటే దొరగారి మిల్లుకే వెళ్ళాలి, అక్కడా కొంత పట్టుకుంటారు. గోధుమ విత్తనం ఒక బస్తా వేస్తే మూడు నాలుగు బస్తాలు వస్తే గొప్ప, అందులో ఒకటి మళ్ళీ విత్తనానికి తియ్యాలి. ఈ లెక్క నీ బుర్రలో తిరుగుతూ ఉంటే హీరో ఊరికే గుర్రమెక్కి లండన్ పోడు.

భక్తి విషయానికొస్తే నువ్వు రెండు రకాల మనుషుల్నే పెట్టావు, కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళు, చర్చిని తిట్టే తెలివైనవాళ్ళు. అలా ఉండదమ్మా. 1215లో రోమ్‌లో చర్చి పెద్దల లాటరన్ సభ జరిగింది, అప్పట్నుంచీ బుద్ధి తెలిసిన ప్రతి ఒక్కళ్ళూ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చెయ్యాలి, ఈస్టర్‌కి సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే రొట్టె, తీసుకోవాలి అని రూల్. ఏడాదికి ఒక్కసారి అని రూల్ పెట్టాల్సి వచ్చిందంటేనే అందరూ అదీ చేసేవాళ్ళు కాదని నీకు అర్థమవ్వాలి. నీకు మనిషి కావాలంటే ఫ్రాన్స్ దక్షిణాన పిరనీస్ కొండల్లో మోంటాయూ అనే ఊరు చూడు. బిషప్ జాక్ ఫోర్నియే, తర్వాత పోప్ కూడా అయ్యాడు, 1318 నుంచి 1325 దాకా చర్చి నమ్మకాలకి ఎదురు తిరిగారేమోనని అక్కడోళ్ళని విచారించి ప్రతి మాటా రాయించాడు. ఎండలో కూర్చుని ఒకళ్ళకొకళ్ళు పేలు చూసుకుంటూ దేవుడి గురించీ పక్కింటోళ్ళ గురించీ మాట్లాడుకోవడం కూడా అందులో ఉంది. బియాట్రిస్ ద ప్లానిసోల్ అనే ఆవిడ్ని పట్టుకున్నప్పుడు సంచిలో ఏం దొరికాయో తెలుసా, మనవళ్ళ బొడ్డుతాళ్ళు, కూతురి మొదటి ముట్టు రక్తం అంటిన గుడ్డ, సాంబ్రాణి, అద్దం, చిన్న చాకు. బొడ్డుతాళ్ళు కోర్టు కేసు గెలవడానికట, ఆ గుడ్డ అల్లుడు కూతుర్ని వదిలిపోకుండా ఉండటానికట. ఆవిడ చర్చికి వెళ్ళలేదా అంటే వెళ్ళింది, చర్చి కాదన్నవాళ్ళ మాటలూ విన్నది, ఈ సంచీ మోసింది, ఒక పూజారితో సంబంధమూ పెట్టుకుంది. నీ ఇసబెల్ వాళ్ళ నాయనమ్మని ఇలా రాయి.

ఇంకా చిన్నవి ఉన్నాయి, ఊరి చర్చిలో గడియారం తీసేసి గంట పెట్టు, జనాన్ని బెంచీల మీద కూర్చోబెట్టకు, ఎక్కువ మంది నిలబడో మోకరించో ఉంటారు, పూజ లాటిన్‌లో.

ఆఖర్న విలన్‌ని కత్తియుద్ధంలో చంపావు, పల్లెటూరి వడ్రంగికి ఆ ఖడ్గం ఎక్కడిదే? అప్పటి కరోనర్ల, అంటే అనుమానం ఉన్న చావుల్ని విచారించే అధికారుల, రికార్డులు ఇంగ్లిష్‌లోకి అనువాదమై దొరుకుతాయి, వాటిలో జనం బావిలో పడో, ఏల్ అనే బీరు తాగి గొడవపడి కర్ర దెబ్బ తినో, బండి కింద పడో పోతారు. శవాన్ని మొదట చూసినోడు కేక వేసి ఊరిని పిలవాలి, కరోనర్ వచ్చి ఊరి పెద్దల చేత ప్రమాణం చేయించి అడుగుతాడు, చావుకి కారణమైన వస్తువుకి ధర కట్టించి ఆ డబ్బు రాజు ఖాతాలో వేస్తాడు, బండైతే బండికి, గుర్రమైతే గుర్రానికి. నీ విలన్ పడింది ఇసబెల్ నాన్న బండి కింద అనుకో, అదీ కోతల ముందు, రెండో సగానికి కావలసినంత కథ నీకు అక్కడే దొరుకుతుంది.

మావయ్య