పంచరా అండీ?

ప్రశ్న: మా అమ్మాయి దగ్గర డల్లాస్‌లో ఆర్నెల్లు ఉండి వచ్చాను. కారెక్కితే చాలు, అల్లుడుగారు ఒక పాత సీడీ పెట్టేవారు. ఒకాయన ఏదో చెప్తాడు, జనం నవ్వుతారు, మధ్యలో ఇంకొకాయన పాటందుకుంటాడు. 'హియర్స్ యువర్ సైన్' అని మాటిమాటికీ వస్తుంది. అల్లుడూ మనవడూ పడీ పడీ నవ్వేవారు. మర్యాదకి నేనూ నవ్వేదాన్ని. అంత నవ్వొచ్చేది అందులో ఏముందండీ?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అర్థం కాని జోకుకి ఆర్నెల్లు నవ్వారంటే మీ ఓపికకి దణ్ణం పెట్టాలి. మీరు విన్నది నా దగ్గరా ఉంది. ఆ చెప్పేవాడు బిల్ ఎంగ్వాల్. పుట్టింది టెక్సస్‌లోనే, సముద్రం ఒడ్డున ఉన్న గాల్వెస్టన్‌లో. 'హియర్స్ యువర్ సైన్' అనే ఈ ఆల్బమ్ 1996లో వచ్చింది. చాలావరకు మాటలే, జనం ముందు నిలబడి చెప్పిన కబుర్లు. పాటందుకునే గొంతు ట్రావిస్ ట్రిట్‌ది. ఆయన కమెడియన్ కాదు, పేరున్న కంట్రీ గాయకుడు. కంట్రీ అంటే అమెరికా పల్లెల నుంచి వచ్చిన పాటల బాణీ. నవ్వు పాటే కదా అని తేలిగ్గా పాడకుండా, మామూలు పాట పాడినట్టే గంభీరంగా పాడతాడు. నాకు సగం నవ్వు అక్కడే వస్తుంది.

ఇక 'సైన్' అంటే ఇక్కడ బోర్డు. తెలివితక్కువవాళ్లు ఆ ముక్క రాసిన బోర్డు మెడలో తగిలించుకుని తిరిగితే మిగతావాళ్లకి ఇబ్బంది ఉండదు కదా అంటాడు ఎంగ్వాల్. కళ్లెదురుగా ఉన్నదాన్ని ఎవరైనా ప్రశ్నగా అడిగితే, వంకర జవాబొకటి చెప్పి "ఇదిగో నీ బోర్డు" అంటాడు. ఒక లారీ వంతెన కింద ఇరుక్కుపోతుంది. పోలీసాయన వచ్చి "లారీ ఇరుక్కుందా?" అంటాడు. డ్రైవర్ ఏమంటాడో తెలుసా? "లేదండీ, ఈ వంతెన డెలివరీ ఇవ్వడానికి పోతున్నా, దారిలో ఆయిల్ అయిపోయింది" అని.

మీకు నవ్వు రాకపోవడం ఇంగ్లీషు వల్ల కాదమ్మా. మనకి అలాంటి ప్రశ్న తెలివితక్కువది కాదు, పలకరింపు. సంచీ నిండా వంకాయలతో రైతు బజార్లో కనబడితే "ఏవండీ, కూరలకొచ్చారా?" అంటాం. తడి జుట్టుతో గుమ్మంలో నిలబడితే "తలంటు పోసుకున్నావా?" అంటాం. సూట్‌కేసు పట్టుకుని బస్టాండులో ఉన్నవాణ్ని "ఊరికా?" అంటాం. "ఆఁ" అంటే చాలు, ఇద్దరి పనీ అయిపోతుంది. ఎంగ్వాల్ లెక్కన బోర్డులు కట్టుకుంటూ పోతే మా వీధిలో మెడ ఖాళీగా ఉండేవాళ్లు ఎవరూ మిగలరు.

నా సంగతొకటి చెప్పాలి. ఆ ఆల్బమ్ కొత్తగా విన్న రోజుల్లో అందులో ఒకటి నాకు తెగ నచ్చింది. ఎంగ్వాల్ కారు టైరులో గాలి పోతుంది. బంకులో కుర్రాడు "టైరు ఫ్లాటయిందా?" అంటాడు. "లేదు, తిరుగుతుంటే మిగతా మూడూ ఉబ్బిపోయాయి" అంటాడు ఈయన. అలాంటి అవకాశం నాకెప్పుడొస్తుందా అని చూస్తూ ఉన్నాను. వచ్చింది. మే నెల, మిట్ట మధ్యాహ్నం, గుంటూరులో స్కూటర్ వెనక చక్రం నేలకి అంటుకుపోయింది. చొక్కా వీపుకి అతుక్కునేలా అర కిలోమీటరు తోసుకుంటూ పంచర్ షాపుకి వెళ్లాను. కుర్రాడు తలెత్తి, "పంచరా అండీ?" అన్నాడు.

"కాదు బాబూ, గాలి మార్పు కోసం తీసుకొచ్చా" అన్నాను. చాలా బాగా అన్నాననుకున్నాను కూడా.

వాడు నవ్వలేదు. చక్రం దగ్గర కూర్చుని, కాస్త గాలి కొట్టి, వేలు తడిచేసి వాల్వ్ మీద పెట్టాడు. చిన్న బుడగ లేచింది. "పంచర్ కాదండీ, వాల్వ్ పిన్ను పోయింది. అందుకే అడిగా" అన్నాడు. ట్యూబు విప్పే పనే పడలేదు. రెండు నిమిషాల్లో పిన్ను మార్చేసి, దాని డబ్బులు మాత్రం తీసుకున్నాడు. బోర్డు ఎవరి మెడలో పడిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఆ ఆల్బమ్ వింటూనే ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను. కాకపోతే ఆ బంకు కుర్రాడి తరఫున కూడా ఒకరు మాట్లాడితే బాగుండునని అనిపిస్తుంది.

ప్రశ్న: కంట్రీ మ్యూజిక్‌లో ఇలా జోకులూ పాటలూ కలిపి చెప్పడం ఎంగ్వాల్‌తోనే మొదలైందా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అబ్బే, అది తాతల నాటి వ్యవహారం. టెనసీ రాష్ట్రం నాక్స్‌విల్‌కి చెందిన హోమర్, జెత్రో అనే జంట ఉండేది. అవి వాళ్ల అసలు పేర్లు కావు. రేడియోలో పరిచయం చేయబోయిన లోవెల్ బ్లాంచర్డ్‌కి సమయానికి వాళ్ల పేర్లు గుర్తురాక, నోటికొచ్చిన పేర్లు చెప్పేశాడు. అవే ఖాయమైపోయాయి. జనం పాడుకునే పాట వరస తీసుకుని అందులో కొంటె మాటలు పెట్టేవారు. 1959లో న్యూ ఆర్లియన్స్ యుద్ధం మీది పాట ఒకటి మారుమోగుతుంటే, దాన్ని స్కౌటు కుర్రాళ్ల క్యాంపు అల్లరిగా మార్చి పాడి, అక్కడి పెద్ద సంగీత పురస్కారం గ్రామీ కొట్టారు. 1960లో వాళ్ల ఆల్బమ్‌కి 'ఎట్ ద కంట్రీ క్లబ్' అని పేరు పెట్టారు. కంట్రీ క్లబ్ అంటే డబ్బున్నవాళ్లు గోల్ఫ్ ఆడుకునే చోటు. అక్కడికి ఈ పల్లెటూరి వేషాలు దిగడం, అదీ చమత్కారం. జెత్రో మాండలిన్ వాయిద్యం మాత్రం వేషం కాదు. విద్వాంసులు చెవులు రిక్కించి వినేవారు.

అదే రాష్ట్రంలో మిన్నీ పెర్ల్ అనే హాస్యగత్తె ఉండేది. 1940 నుంచి నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం వేదిక మీద. కొత్త టోపీ పెట్టుకుని వచ్చేది, దాని మీద ధర చీటీ అలాగే వేలాడుతూ ఉండేది: 1 డాలర్ 98 సెంట్లు. ఆవిడ బోర్డు ఆవిడే కట్టుకుందన్నమాట. ఎంగ్వాల్ కంటే ఈవిడే నాకు ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: మా కాలేజీ ఫెస్ట్‌లో ఊరి భాషలో స్టాండప్ చేద్దామనుకుంటున్నాను. మధ్యలో రెండు పాటలు కూడా. ఏమైనా సలహా ఇస్తారా? టెన్షన్‌గా ఉంది.
- ఒక డిగ్రీ విద్యార్థి, పలాస

జవాబు: ముందు బుర్రకథ ఒకటి చూడండి. అందులో హాస్యపు వంత అడిగేవి చాలావరకు తలతిక్క ప్రశ్నలే. కానీ కథకుడు అతన్ని తోసిపారేయడు. ఆ ప్రశ్న పట్టుకునే కథ ముందుకు నడిపిస్తాడు. మీ పాట పల్లవి రెండు పాదాలు దాటనివ్వకండి, మూడోసారికి జనం వాళ్లే అందుకోవాలి. నవ్వు ఆగకముందే తర్వాతి మాట మొదలుపెట్టారో, అది ఎవరికీ వినపడదు. ఊరివాళ్ల మీద జోకులేస్తే మొదటి జోకు మీ ఇంటి మీదే వేసుకోండి. మీ పక్క ఊళ్ల వాళ్లు కూడా ఆ హాల్లో ఉంటారు మరి.

ఒక గంట ముందే వెళ్లండి. మైకు కుర్రాడు "పాట కూడా ఉందా అన్నా?" అని అడిగితే వంకర జవాబు చెప్పకండి. పాటకి వేరే సెట్టింగు పెట్టాలి, అందుకే అడుగుతాడు.