సీయూఈటీలో అయిదు పేపర్లూ పెట్టాలా? ఎంఈసీ పాప నాన్నగారికి జవాబు

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు అడిగారు. పాప ఇంటర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) సెకండియర్, ఢిల్లీ యూనివర్సిటీలో బీకాం ఆనర్స్ కావాలంటోంది, అది రాకపోతే ఎకనామిక్స్ ఆనర్స్ అయినా సరే అంటోందట. కోచింగ్ వాళ్లేమో సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే ఎంట్రన్స్) అయిదు సబ్జెక్టులూ పెట్టించండి, అందులో ఒకటి తెలుగు పెడితే ఈజీగా స్కోర్ వస్తుంది అంటున్నారు, ఇంట్లో వాళ్లమ్మ మాత్రం మూడు చాలు పిల్ల నలిగిపోతుంది అంటున్నారు, ఏది కరెక్ట్ అని.

ఇద్దరి లెక్కా కుదరదండి. అయిదు దాకా పెట్టుకోవచ్చు అన్నారు గానీ పెట్టుకోమని ఎవరూ అనలేదు. అలాగని మూడే పెడితే పాప అడుగుతున్న రెండు కోర్సుల్లో ఒక్కదానికి కూడా అప్లై చేసే వీలుండదు, ఎందుకో చెప్తా.

ముందు పాపని కూర్చోబెట్టి కోర్సుల లిస్టు రాయించండి, ఎన్ని పేపర్లు అనేది దానంతట అదే తేలిపోతుంది. ఢిల్లీ యూనివర్సిటీ బీకాం ఆనర్స్‌కి ఒక లాంగ్వేజ్, మ్యాథ్స్ గానీ అకౌంటెన్సీ గానీ ఒకటి, ఇంకో రెండు డొమైన్ సబ్జెక్టులు (అంటే లాంగ్వేజ్, జనరల్ టెస్ట్ కాకుండా ఎకనామిక్స్ లాంటి చదివే సబ్జెక్టులు) అడుగుతుంది, అంటే నాలుగు పేపర్లు, ఒక్కోటి 250 చొప్పున 1000 మార్కులకి మెరిట్. ఎకనామిక్స్ ఆనర్స్‌కీ నాలుగే, కాకపోతే అందులో మ్యాథ్స్ తప్పనిసరి. ఇంగ్లిష్, మ్యాథ్స్, అకౌంటెన్సీ, ఎకనామిక్స్ పెట్టేస్తే రెండూ కవర్ అయిపోతాయి. మీ పాపకి ఇదే బేస్, ఇందులోంచి ఒక్కటి కూడా తీయకండి.

తెలుగు పేపర్ సంగతి. సీయూఈటీలో ఉన్న 13 భాషల్లో తెలుగు ఉంది నిజమే, కానీ బీకాం ఆనర్స్ మెరిట్‌లో లెక్కలోకి వచ్చేది ఒక్క లాంగ్వేజే, ఆ ఒక్కటీ ఇంగ్లిష్ అయినప్పుడు తెలుగులో 250కి 250 తెచ్చుకున్నా అది ఎక్కడా కలవదు. పైగా మీ పాప ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం అని రాశారు (మన కార్పొరేట్ కాలేజీల్లో అందరిదీ అదేలెండి, మార్కుల కోసం), పదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం ముట్టుకోని పిల్లకి అది ఈజీ పేపర్ ఎలా అవుతుందో ఆ కోచింగ్ వాళ్లనే అడగండి.

ఢిల్లీ వరకైతే, అయిదోది పెట్టాలనుంటే జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఒక్కటే నాకు అర్థవంతంగా కనిపిస్తోంది, అది కూడా పాపకి బీఎంఎస్, బీబీఈ లాంటి మేనేజ్‌మెంట్ కోర్సుల మీద నిజంగా మనసుంటేనే. వాటికి లాంగ్వేజ్, మ్యాథ్స్, ఈ జనరల్ టెస్ట్, మూడే చూస్తారు, అంటే ఆల్రెడీ ప్రిపేర్ అవుతున్న రెండిటికి ఇంకోటి తోడైతే కొత్త కోర్సులు చేతికొస్తాయి. కరెంట్ అఫైర్స్, రీజనింగ్, అరిథ్‌మెటిక్ ఉంటాయి, విడిగా పుస్తకాలు కొని కూర్చునేంత పని ఉండదు. మనసు లేకపోతే మాత్రం నాలుగుతో ఆపేయండి.

ఎన్ని పేపర్లు అనే దాని మీద సీనియర్లు చెప్పే లెక్కలు పెద్దగా పట్టించుకోవద్దు, ఆ రూల్ మారుతూ వచ్చింది. 2022లో తొమ్మిది దాకా పెట్టుకోనిచ్చారు, 2023లో పది, 2024లో ఆరు, 2025లో అయిదుకి దించారు. మొదట్లో చాలా పేపర్లలో 50 ప్రశ్నల్లో 40 ఏరుకుని రాసే చాయిస్ ఉండేది, 2025లో అదీ తీసేశారు, 60 నిమిషాల్లో 50కి 50 చేయాలి, కరెక్ట్‌కి 5, తప్పుకి మైనస్ 1. అకౌంటెన్సీ, మ్యాథ్స్‌లో ఈ స్పీడ్ రావాలంటే మాక్ టెస్టులు బాగా రాయాలి, ఆ టైమ్ తెలుగు పేపర్ తినేస్తే నష్టం అసలైన నాలుగిట్లోనే కనబడుతుంది. ఫీజు పెద్ద సమస్య కాదు, 2025లో జనరల్ కేటగిరీకి మొదటి మూడు సబ్జెక్టులకి కలిపి 1000, ఆపైన ఒక్కోదానికి 400 తీసుకున్నారు.

ఎంఈసీ పిల్లలకి ప్రత్యేకంగా ఇంకో మెలిక ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులోనే సీయూఈటీ రాయాలంటుంది, మన మెమోలోనేమో కామర్స్ అని ఉంటుంది గానీ అకౌంటెన్సీ అని విడిగా ఉండదు, నిజానికి ఆ కామర్స్ పేపర్లో సగం అకౌంటెన్సీయే. అందుకని ఇంటర్ బోర్డు కామర్స్ సిలబస్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకుని, అప్లికేషన్ పెట్టకముందే ఢిల్లీ యూనివర్సిటీ అడ్మిషన్ వాళ్లకి మెయిల్ చేసి క్లారిటీ తీసుకోండి, జవాబుని ప్రింట్ తీసి దాచండి. సీటు వచ్చాక డాక్యుమెంట్ల దగ్గర ఆగిపోతే అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ కూడా బ్యాకప్‌గా పెట్టుకుంటే వాళ్ల ప్రాస్పెక్టస్‌లు వేరుగా చూడండి, ఢిల్లీ వాళ్లడిగే కాంబినేషనే అక్కడా అడగాలని లేదు. అయిదో పేపర్ ఏదో తేల్చేది ఒక్కోసారి ఆ బ్యాకప్ కోర్సే.

చివర్లో సీఏ ఫౌండేషన్ (చార్టర్డ్ అకౌంటెన్సీలో మొదటి మెట్టు పరీక్ష) కూడా రాయించాలా అని అడిగారు. అకౌంట్స్, ఎకనామిక్స్, మ్యాథ్స్ కొంత కలుస్తాయి కాబట్టి చదువు వృథా పోదు, కానీ 2025లో సీయూఈటీ మే మధ్యలో మొదలై జూన్ మొదటి వారం దాకా నడిచింది, సీఏ ఫౌండేషన్ కూడా మేలోనే. రెండూ ఒకే నెలలో పెట్టకండి, ఫౌండేషన్‌ని సెప్టెంబర్ అటెంప్ట్‌కి జరపండి. పాప ఈ రెండిట్లో సీఏ వైపే ఎక్కువ మొగ్గితే మాత్రం ఆ మాట అప్లికేషన్ ఫిల్ చేసేలోపే నాకు రాయండి, అప్పుడు జనరల్ టెస్ట్ కూడా వదిలేసి నాలుగుతోనే ప్లాన్ వేద్దాం.