60 లక్షల డ్రైన్ పనికి 32 శాతం లెస్ (అంచనా కంటే తక్కువ రేటు) వేసి ఎల్-1 (అందరికన్నా తక్కువ రేటు వేసినవాడు)గా వచ్చాను. అగ్రిమెంట్‌కి రెండున్నర శాతం డిపాజిట్ చాలా? ఇన్సూరెన్సు ఏది తీసుకోవాలి?

రెండున్నర శాతంతో అయిపోదండీ. మున్సిపల్, పంచాయతీరాజ్ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర చాలా ఏళ్లుగా బిల్లులు, బ్యాంకు వ్యవహారాలు చూస్తున్నాను కాబట్టి మీ లెక్కే వేసి చెబుతాను.

మన రెండు రాష్ట్రాల్లో చాలా టెండర్లు 2003 నాటి 94వ జీవో బాటలోనే నడుస్తాయి. ఒక శాతం ఈఎండీ (టెండర్ ధరావతు), అంటే 60 వేలు, టెండర్‌తో కట్టే ఉంటారు. అగ్రిమెంట్‌కి ఇంకో ఒకటిన్నర శాతం, 90 వేలు. 25 శాతం లెస్ దాకా అంతే. అది దాటారో, అంచనాలో 75 శాతానికీ మీ రేటుకీ ఉన్న తేడా మొత్తం అడిషనల్ సెక్యూరిటీగా పెట్టాలి. 75 శాతం 45 లక్షలు, మీ రేటు 40.80 లక్షలు. అంటే 4.20 లక్షలకి డీడీ గానీ బ్యాంకు గ్యారంటీ (బీజీ) గానీ సంతకం పెట్టే నాటికి సిద్ధంగా ఉండాలి. తర్వాత రన్నింగ్ బిల్లుల్లో (పని జరుగుతుండగా పెట్టే బిల్లులు) 7.5 శాతం చొప్పున పట్టుకునేది మరో 3.06 లక్షలు. మొత్తం 8.76 లక్షలు, మీ పని విలువలో ఐదో వంతు పైనే! లెస్ వేసేటప్పుడు సిమెంటు, ఇసుక లెక్క చూసుకుంటారు గానీ ఇది ఎవరూ చూసుకోరు. శాతాలు మాత్రం మీ టెండర్ డాక్యుమెంటులో ఒకసారి సరిచూసుకోండి.

బీజీ ఇస్తే డబ్బు మిగులుతుందనుకోకండి. లిమిట్ (బ్యాంకు ముందే మంజూరు చేసిన పరిమితి) లేని చిన్న కాంట్రాక్టరుని బ్యాంకు దాదాపు అంతకీ ఎఫ్‌డీ అడుగుతుంది, పైన కమీషన్. ఎఫ్‌డీ మీద వడ్డీ వస్తుంది, అంతే లాభం. 2022 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీల ష్యూరిటీ బాండ్లు (బీజీ బదులు ఇచ్చే హామీ పత్రాలు) కూడా వచ్చాయి గానీ మీ డాక్యుమెంటులో ఆ మాట లేకపోతే వాటి వెంట తిరగడం దండగ. పనికి గడువు పొడిగించినప్పుడల్లా బీజీ కూడా పొడిగించండి. లేదంటే అది ముగిసేలోపే డిపార్ట్‌మెంటు బ్యాంకుకి లెటర్ పెట్టి సొమ్ము లాగేసుకుంటుంది. అప్పుడు బ్యాంకు మీ గోడు వినదు, కోర్టు కూడా మోసం లాంటిది చూపిస్తే తప్ప సాధారణంగా ఆపదు.

పాలసీల్లో ముందు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్, మీ పేరూ డిపార్ట్‌మెంటు పేరూ కలిపి. ఇందులో ఒక భాగం పనికి, ఒక భాగం బయటివాళ్ల నష్టానికి. డ్రైన్ పనిలో అసలు భయం పక్కిళ్ల గోడలు. మేం ఒక వీధిలో ట్రెంచ్ తవ్వి ఉంచితే రాత్రి వానకి మట్టి జారి, ఒకాయన కాంపౌండ్ వాల్ సగం కూలింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వస్తూనే అడిగింది, తవ్వకముందు ఆ గోడ ఫోటో. మా సూపర్‌వైజరుకి పెళ్లి వీడియో తీసినట్టు వీధంతా తీసి పెట్టుకునే పిచ్చి ఉంది, అదే కాపాడింది. ‘గోడ ముందే పగిలి ఉంది’ అనే మాట రాలేదు, ఎక్సెస్ (మనమే భరించాల్సిన వాటా) పోను క్లెయిమ్ వచ్చింది. అయితే తవ్వకం వల్ల పక్క కట్టడాలకి ఆధారం పోయి కూలితే మామూలు పాలసీ ఇవ్వదు. ‘వైబ్రేషన్, వీకెనింగ్ ఆఫ్ సపోర్ట్’ ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే కవర్) విడిగా అడిగి చేర్పించుకోవాలి. ఏజెంటు తనంతట తను చెప్పడు. మేం ముందే చేర్పించుకోబట్టే ఆ గోడకి క్లెయిమ్ వచ్చింది.

సైట్‌లో కూలీలకి ఇది పనికిరాదు, వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ వేరే తీసుకోవాలి. సెంట్రింగ్ మేస్త్రీ తెచ్చే మనుషులు కాగితం మీద సబ్ కాంట్రాక్టరు కూలీల కిందికి వస్తారు, వాళ్లని కూడా కవర్‌లో రాయించండి. ఏదైనా జరిగితే మేస్త్రీ ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. పరిహారం డిపార్ట్‌మెంటు కట్టినా మీ బిల్లులోనే కోస్తారు.

ఏజెంటు దగ్గరికి వెళ్లేటప్పుడు అగ్రిమెంట్‌లో ఇన్సూరెన్స్ క్లాజ్ ఉన్న పేజీ జిరాక్స్ తీసుకెళ్లండి. కవర్ డిఫెక్ట్ లయబిలిటీ (పని అయ్యాక లోపాలు మీరే సరిచేయాల్సిన గడువు) పూర్తయ్యేదాకా ఉండాలని అందులో ఉంటే, పాలసీలో మెయింటెనెన్స్ పీరియడ్ కూడా అంతే పెట్టించండి.