కష్టపడినవాళ్లకే కరుణ వస్తుందా?

ఇతరుల మీద కరుణ ఎక్కడి నుంచి వస్తుంది, మనం కష్టాలు పడితేనే వస్తుందా అని అడిగారు. పడ్డవాళ్లకే తెలుస్తుందని నేనూ చాలాకాలం నమ్మాను. నా విషయంలో మాత్రం అలా జరగలేదు.

నాన్న పద్దెనిమిది రోజులు ఐసీయూలో ఉన్నారు. బయట కుర్చీల్లోనే పడుకుంటూ, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు పని కూడా చేశాను. ఆయన కోలుకున్నారు. రెండేళ్ల తర్వాత మా టీమ్‌లో ఒకబ్బాయి, వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉందని, ఇంకో వారం సెలవు కావాలని అడిగాడు. నా మనసులో మొదట మెదిలిన మాట: "నేను చేసుకోలేదా?" సెలవైతే ఇచ్చాను గానీ, ముఖం చిట్లించుకునే ఇచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇది నా ఒక్కడి బుద్ధి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2015లో రేచల్ రట్టన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు గమనించినది ఇదే: ఒక కష్టాన్ని దాటి వచ్చినవాళ్లు, అదే కష్టాన్ని తట్టుకోలేకపోతున్నవాళ్ల పట్ల కొన్నిసార్లు మిగతావాళ్లకన్నా కఠినంగా ఉంటారు. అది ఎంత బాధపెట్టిందో సరిగ్గా గుర్తుండదు, గట్టెక్కామన్నది మాత్రం బాగా గుర్తుంటుంది.

పని అప్పజెప్పడానికి మర్నాడు ఆ అబ్బాయి నా పక్కన కూర్చున్నాడు. ఎడమచేతి మీద పెన్నుతో మందుల టైములు రాసుకున్నాడు, సగం చెరిగిపోయాయి. ఆ చెయ్యి చూడగానే నాకు ఓ రాత్రి గుర్తొచ్చింది. నిద్ర ఆగక తూలిపోతుంటే పక్క కుర్చీలో పెద్దావిడ, "నువ్వు పడుకో నాయనా, నర్సు పిలిస్తే నేను లేపుతాను" అంది. ఆవిడ భర్త కూడా లోపలే ఉన్నాడు. తెల్లవారుజామున నిజంగానే భుజం తట్టి లేపింది. నేనొక్కడినే నెట్టుకొచ్చానని రెండేళ్లుగా చెప్పుకుంటున్న కథలో ఆవిడే లేదు!

కరుణకు బీజం పుట్టుకతోనే ఉంటుందేమో. పుట్టి రెండు రోజులైనా కాని పసికందులు కూడా పక్క బిడ్డ ఏడుపు విని ఏడుస్తారు. అది పైకి రావడానికి మాత్రం కాస్త తీరిక కావాలి. 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు మతబోధన చదువుకునే విద్యార్థుల దారిలో బాధతో మూలిగే మనిషిని కూర్చోబెట్టారు. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేస్తే, బాగా తొందరలో ఉన్నవాళ్లలో ఆగింది 10 శాతమే. ఆ విద్యార్థుల్లో కొందరు వెళ్తున్నది, దారిలో గాయపడి పడున్న అపరిచితుడికి సాయం చేసిన మనిషి గురించిన బైబిల్ కథ మీద మాట్లాడడానికే.

ఇప్పుడు ఎవరైనా సెలవని వస్తే లాప్‌టాప్ మూసేసి వింటాను. ఆ పెద్దావిడ పేరైనా నేను అడగలేదు. వాళ్లాయన ఇంటికి వెళ్లాడో లేదో కూడా తెలుసుకోలేదు.