ఎం.ఏ. వయొలిన్ చదువుతూ కచేరీలు వాయించడం కుదురుతుందా?

మీరు అడిగింది: కర్ణాటక వయొలిన్‌లో ఎం.ఏ. చేరాక బయట పక్కవాద్యానికి ఒప్పుకోవచ్చా, రోజు ఎలా గడుస్తుంది అని. ఒప్పుకోవచ్చు. సాధనకు టైం చాలదేమోనని అందరూ భయపడతారు గానీ, అసలు చిక్కంతా శ్రుతితోనే, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తుతోనే.

కాలేజీ క్లాసు ఒక శ్రుతిలో నడుస్తుంది. సాయంత్రం గాయని ఐదు శ్రుతిలో (పాశ్చాత్య 'జి') పాడతారు. మర్నాడు హరికథకు వెళితే దాసుగారు ఒకటిన్నర ('సి షార్ప్') అంటారు. మనం నాలుగు తీగలనూ స-ప-స-ప అని కట్టుకుంటాం కాబట్టి వేళ్ళ చోట్లు మారవు, తీగ బిగువు మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఐదుకూ ఒకటిన్నరకూ మధ్య ఆరు అరస్థానాలు (సెమిటోన్లు). మొదటి తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, పాశ్చాత్య పద్ధతిలో 'ఈ' స్వరానికి తయారైంది. ఐదు శ్రుతిలో అది 'డి' దగ్గర ఉంటుంది, ఒకటిన్నరకు దింపితే 'జి షార్ప్'కు పడిపోతుంది. అంత వదులు తీగ మీద బో కాస్త నొక్కినా గరగరమంటుంది, గమకం అనుకున్న దానికన్నా వెడల్పుగా ఊగుతుంది. శ్రుతి పెరిగినప్పుడు అదే చెయ్యి బరువుగా అనిపించి బో జారుతుంది, కీచుమంటుంది. అందుకే ఉదయం సాధన ఆ సాయంత్రం వాయించబోయే శ్రుతిలోనే చెయ్యండి. "నా శ్రుతి" అనే మాట పక్కవాద్యం వాయించేవాళ్ళకు సెలవు రోజుల్లోనే వర్తిస్తుంది.

ఒకే వయొలిన్ ఉంటే శ్రుతి మార్పు ముందు రాత్రే చెయ్యాలి. కచేరీకి గంట ముందు కాదు. ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో పెంచండి. ఒక తీగ బిగిస్తే మిగతావి కిందికి జారతాయి కాబట్టి ప్రతి విడతలో నాలుగూ మళ్ళీ చూసుకోవాలి. తీగలు బిగిసేకొద్దీ బ్రిడ్జి పైభాగం ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిటారుగా సర్దాలి. సర్దకపోతే వంకరపోతుంది, లేదా ఒకనాడు ఠప్పున పడుతుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోయే ప్రమాదం ఉంది, అది నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. నట్ (బిరడల దగ్గర తీగలు ఆనే పట్టీ), బ్రిడ్జి గాళ్ళలో పెన్సిల్ ములికి రుద్దితే తీగ సాఫీగా జారుతుంది. పదేపదే దింపి ఎక్కించే మొదటి తీగ ముందు తెగేది అక్కడే.

డబ్బు కూడగానే కొనాల్సింది ఖరీదైన బో కాదు, రెండో వయొలిన్. మామూలుదైనా సరే. ఒకటి తగ్గు శ్రుతికి, ఒకటి హెచ్చు శ్రుతికి వదిలేస్తే సగం తలనొప్పి పోతుంది. తగ్గు శ్రుతి దానికి కాస్త లావు తీగలు వేస్తే గరగర తగ్గుతుంది.

వానాకాలంలో తీగలు బిగించే బిరడలు ఉబ్బి బిగుసుకుపోతాయి, ఏసీ హాల్లో జారిపోతాయి. బిగుసుకుంటే కొంచెం పొడి సబ్బు, జారితే సుద్ద. తిప్పుతూ లోపలికి నొక్కాలి. గమకం సాఫీగా రావడానికి వేళ్ళకు కొబ్బరి నూనె రాసుకునే అలవాటు ఉంటే చుక్కతో ఆపండి. ఆ వేలు బో వెంట్రుకలకు తగిలితే అక్కడ పట్టు పోతుంది, పట్టు కోసం బోకు రాసే రోజిన్ ఎంత రుద్దినా తిరిగి రాదు.

ఫోన్ వచ్చినప్పుడు అడగాల్సినవి మొహమాటం లేకుండా అడిగెయ్యండి: ఎవరి కచేరీ, శ్రుతి ఎంత, ఎంతసేపు, రాగం-తానం-పల్లవి ఉందా, ఉంటే ఏ రాగం, ఏ తాళం, రానూపోనూ ఖర్చు ఎవరిది, చేతికి ఇచ్చేది ఎంత. కూచిపూడి ప్రోగ్రాం అయితే రిహార్సల్స్ ఎన్ని అని తప్పకుండా అడగాలి. ప్రదర్శన రెండు గంటలే అయినా రిహార్సల్స్‌కు మూడు సాయంత్రాలు పోతాయి, వాటికి విడిగా ఇవ్వని వాళ్ళే ఎక్కువ.

వేదిక మీద లెక్క సులువు. గాయకులు పది నిమిషాలు ఆలాపన చేస్తే మీది ఆరేడు నిమిషాలు. స్వరకల్పనలో వాళ్ళు ఎన్ని ఆవర్తనాలు వేస్తే మీరూ అన్నే. చివరి ముక్తాయింపు (ముగింపు లెక్క) పూర్తిగా పట్టుకోలేకపోతే సగం వాయించి తడబడకండి. చిన్న అల్లికతో ఎత్తుగడకు, అంటే పాట మొదలయ్యే చోటికి, సరిగ్గా వచ్చి ఆగండి, ఎవరూ తప్పు పట్టరు. తెలియని కృతి వస్తే మొదటి సంగతి విని, రెండోసారి నుంచి మెల్లగా వెంట వెళ్ళండి. హరికథలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. దాసుగారు పద్యం ఎత్తుకునేటప్పుడు రాగం చెప్పరు, మొదటి పాదం పూర్తయ్యేలోపు మనం అందులో ఉండాలి. మోహన, కల్యాణి, కేదారగౌళ, హిందోళం లాంటివి మొదటి రెండు ప్రయోగాలకే గుర్తుపట్టేలా చెవిని తయారు చేసుకోవాలి. కాలేజీ ప్రాక్టికల్స్ కంటే ఇదే గట్టి పరీక్ష అని నా అభిప్రాయం.

కాలెండర్ సంగతి. డిసెంబరులో మద్రాసు సంగీత సీజన్, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు, వసంతంలో శ్రీరామనవమి పందిళ్ళు. సెమిస్టర్ పరీక్షలు సరిగ్గా వీటి మీదకే వస్తాయి. 75 శాతం హాజరు నిబంధన ఉన్నచోట జూలై నుంచి అక్టోబరు దాకా ఒక్క క్లాసూ మానకండి, ఆ మిగులే డిసెంబరులో కాపాడుతుంది. ఆరాధనకు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ ఘనరాగ పంచరత్నాలు పుస్తకం చూడకుండా సిద్ధంగా ఉండాలి.

థియరీ పేపర్లను చాలామంది చివరి వారానికి వదిలేస్తారు. సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులోనే ఉంది. వేరే భాషలవాళ్ళు అనువాదాల్లో చదువుకుంటారు, మనం నేరుగా చదవగలిగీ గైడ్లు కొంటాం. డిసర్టేషన్‌కు అందులోంచి ఒక రాగాన్ని తీసుకుని, అక్కడున్న గమకపు గుర్తులను వయొలిన్ మీద వాయించి చూస్తే కచేరీకీ పనికొస్తుంది.

నెల గడిచేది ఎక్కువగా ట్యూషన్లతోనే. అమెరికా తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు చెప్పే ముందు ఒక విషయం చూసుకోండి. న్యూజెర్సీలో చలికాలం సాయంత్రం ఏడున్నర అంటే మనకు మర్నాడు ఉదయం ఆరు. మార్చిలో వాళ్ళ గడియారం ముందుకు జరిగితే అదే క్లాసు అయిదింటికి వస్తుంది. అంటే మీ మంచి సాధన వేళే పోతుంది. వారానికి రెండు ఉదయాలకు మించి ఇవ్వకండి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చెయ్యకపోతే అది తంబూరానూ సాగే స్వరాన్నీ చప్పుడనుకుని కోసేస్తుంది. కలిసి వాయించడం ఎలాగూ కుదరదు, ధ్వని ఆలస్యంగా చేరుతుంది. మీరు వాయించండి, వాళ్ళు తిరిగి వాయించాలి.

ఆకాశవాణి బి గ్రేడు ఆడిషన్‌కు చదువుతుండగానే దరఖాస్తు చెయ్యండి. కచేరీలకు పిలిచేవాళ్ళు ఎం.ఏ. పట్టా కన్నా అదే ముందు అడుగుతారు.

ఇక ఒళ్ళు. రెండున్నర గంటలు లేవకుండా కింద కూర్చోవాలి, స్క్రోల్ (వయొలిన్ మెడ చివరి చుట్ట) కుడి పాదం మీద ఆని ఉంటుంది. చెమటకు జారుతుంటే మధ్యలో చిన్న రుమాలు వేసుకోండి. ఇంట్లో నలభై అయిదు నిమిషాలకోసారి లేచి నడవండి. ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే మెడను గట్టిగా పట్టుకుంటున్నారని అర్థం. ఆ వారం ఆలాపనలు ఆపి, సరళీ వరుసలు మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, మాత్రమే వాయించండి.