‘వేగం’ అని రాసే ముందు

తమ్ముడూ,

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ జాంగో 5.1 విడుదల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ‘డేటాబేస్ పనితీరు మెరుపులా మారింది’ అని మొదలుపెట్టావు. ఎవరికి మారింది, ఎంత మారింది? చివరిదాకా వెతికాను, జవాబు దొరకలేదు.

2024 ఆగస్టు నాటి ఆ విడుదలలో నన్ను ఆపింది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు ఇచ్చిన కనెక్షన్ పూల్. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్‌ను (నడిచే ప్రోగ్రామును) పుట్టిస్తుంది. జాంగో మామూలుగా రిక్వెస్టు రాగానే కనెక్షన్ తెరిచి, పని కాగానే మూసేస్తుంది. రెండు మిల్లీసెకన్ల క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక్క ప్రశ్నకు, అంత తతంగం. పూల్ ఉంటే తెరిచి ఉంచిన కనెక్షన్లే చేతులు మారుతూ ఉంటాయి. పాఠకుడికి ముందు ఈ ఖర్చు కనిపించాలి, ఆ తర్వాతే పొదుపు.

అయితే కనెక్షన్‌ను కొంతసేపు తెరిచే ఉంచే సౌకర్యం జాంగో 1.6 నుంచీ ఉంది. దాన్ని వాడుతున్నవాళ్లకు నీ మెరుపు కనిపించకపోవచ్చు. పైగా పూల్‌కు సైకాప్‌జీ 3 (పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ) కావాలి. పూల్ జాంగో నడిపే ప్రతి ప్రాసెస్‌కూ వేరుగా ఉంటుంది: అలాంటి ప్రాసెస్‌లు, అంటే వర్కర్లు, 8 నడుపుతూ గరిష్ఠ పరిమితి 20 పెడితే 160 కనెక్షన్లు. పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే పరిమితి 100. నువ్వు చెప్పినట్టే చేసినవాడి సైటు రద్దీ వేళ ఆగిపోతే తిట్లు నీకే.

పోస్ట్‌గ్రెస్ 12కు మద్దతు పోయిందన్న సంగతి అట్టడుగున పెట్టావు. దాన్ని పైకి తీసుకురా. 12 మీద ఉన్నవాళ్లు ముందు డేటాబేస్‌ను మార్చుకోవాలి, మిగతాదంతా వాళ్లకు తర్వాతి మాట.

కొలవకుండా అంకెలు రాయకు. కొలిచినా అనుమానించు. ఒకప్పుడు ఏదో కొత్త వెర్షన్ సగం సమయంలోనే పని ముగిస్తోందని గొప్పగా రాశాను. పాతదాన్ని ముందు నడిపాను, కొత్తదాన్ని తర్వాత. అప్పటికి డేటా అంతా మెమరీలోకి చేరిపోయింది. ఒక పాఠకుడు వరుస తిరగేసి నడిపితే పాతదే గెలిచింది. ఆ సవరణ వేసుకున్న రోజు ఇంకా గుర్తుంది.

ఇంకొకటి. పేజీ నెమ్మదిగా ఉందనేవాడి కోడ్‌లో చాలాసార్లు కనిపించేది లూపు లోపల క్వెరీ. వంద వరుసలకు నూటొక్క క్వెరీలు. అక్కడ సెలెక్ట్ రిలేటెడ్ (సంబంధిత డేటాను ఒకే క్వెరీలో తెచ్చే జాంగో పద్ధతి) చేసే మేలు ఏ విడుదలా చేయదు. ఈ మాట రాస్తే వ్యాసం కళ కొంత తగ్గుతుంది, అయినా రాయి.

కొలతలు అయ్యాక మళ్లీ పంపు. ‘మెరుపులా’ను మాత్రం ఈ రోజే కొట్టెయ్యి.

ఉంటాను,
మీ అన్నయ్య